ఎడమ అంచు

మనిషి చేసిన పనికి మార్కులు వెయ్యడం చాలా తేలికని నేను అనుకున్న రోజులున్నాయి. అవి ఉద్యోగంలో చేరకముందు రోజులు. డెబ్బైల చివర్లో, చిత్తూరు వైపు ఒక జైల్లో ఖైదీలకు నేత నేర్పే పనిలో నన్ను వేశారు. ఆ జైలు ఏదో చెప్పను, అక్కడి మనుషుల పేర్లూ చెప్పను. చెప్పినా ఇప్పుడు ఎవరికీ ఒరిగేదేం లేదు. మాది నగరి పక్క నేతగాళ్ళ ఇల్లు. చీరల మగ్గం చప్పుడులో పుట్టి పెరిగి, నేత బడిలో చదివి, పాసయినట్టు కాగితం కూడా తెచ్చుకున్నవాణ్ణి. నాకు కోపం కాస్త ఎక్కువ. అర్థం కాని పని ఎదురైతే అది రెండింతలవుతుంది. ఆ జైల్లో పనిచేసినంత కాలం నేను కోపంగా కనబడ్డానంటే కారణం అదే.

నేతపాక అంటే జైలు వెనక గోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు. వేసవిలో లోపల కూర్చుంటే మనిషి ఉడికిపోతాడు. అందులో జంపఖానాలు నేసేవాళ్ళు. తిరుపతిలోనూ తిరుచానూరులోనూ సత్రాలకూ లాడ్జీలకూ యాత్రికులు పడుకోవడానికి జంపఖానాలు ఎన్ని ఉన్నా చాలవు. అందుకని మా షెడ్డుకు పని లేని రోజంటూ ఉండేది కాదు.

జంపఖానా మగ్గం మా ఇంట్లో చీరల మగ్గం లాంటిది కాదు. బాగా వెడల్పు. ఒక మనిషి చేతులు ఈ అంచు నుంచి ఆ అంచుకు అందవు. అందుకని గుంటలో ఇద్దరు పక్కపక్కనే కూర్చుంటారు. కుడిపక్క మనిషి దారం కండె ఉన్న నాడెను నిలువుగా పరిచిన పడుగు దారాల సందులోకి తోసి మధ్య దాకా తెస్తాడు. అక్కడ ఎడమపక్క మనిషి అందుకుని, తన అంచు దాకా లాక్కుపోయి, దారాన్ని మలిపి, మళ్ళీ మధ్యకు పంపిస్తాడు. దారం బిగిసి కూర్చోడానికి ప్రతి వరసకూ ఇద్దరూ కలిసి పలకను లాగి ఒకే దెబ్బగా కొట్టాలి. ఒకడు ముందు, ఒకడు వెనక కొట్టారంటే నేత ఏటవాలుగా పోతుంది.

షెడ్డులో ఒక అలవాటు ఉండేది. కొత్తగా వచ్చిన ఖైదీ మొదటి రోజు ఏ పక్క కూర్చుంటే, విడుదలయ్యే దాకా ఆ పక్కే. ఎవరు పెట్టారో తెలీదు. చోటు మారితే కీడని కొందరు అనేవాళ్ళు. ఇద్దరికి చెయ్యి కుదిరాక విడదీస్తే పని చెడుతుందని వార్డర్లు అనేవాళ్ళు. నేను చేరేనాటికే అది పాతుకుపోయి ఉంది. నేనూ పట్టించుకోలేదు.

నన్ను తిప్పలు పెట్టింది కిటికీ దగ్గరి మగ్గం. దాని కుడిపక్క కూర్చునే ఆయన పలమనేరు వైపు రైతు. బావి నీళ్ళ వంతు దగ్గర మాటా మాటా పెరిగి, చేతిలో ఉన్న పారతో దాయాదిని కొట్టాడు. ఆ మనిషి చచ్చిపోయాడు. ఈయనకు జీవిత ఖైదు పడింది. దారం మొదటిసారి ముట్టుకుందే జైల్లో. ఎడమపక్క ఆయన అంతకంటే పెద్దవాడు, మాట తక్కువ. ఏం చేసి వచ్చాడో నేను అడగలేదు, ఆయన చెప్పలేదు. కుడిచేతిలో రెండు వేళ్ళు మడత పడవు. అందుకని నిదానంగా అందుకుంటాడు, నిదానంగా వదులుతాడు. అయినా ఆ మగ్గం మీద దిగిన జంపఖానా పరిచి చూస్తే బద్ద పెట్టి గీసినట్టు ఉండేది. ఏళ్ళ తరబడి పక్కపక్కన కూర్చుని ఇద్దరూ ఒక మాట మాట్లాడుకోగా నేను వినింది తక్కువ.

ఇలా సాగుతున్న బండికి పైఆఫీసు వాళ్ళు ఒక కట్ట కాగితాలు పంపించారు. ఖైదీ బయటికి పోయాక బతకాలంటే పని రావాలి, వచ్చిందో లేదో మేం కొలవాలి. నేర్పు, వేగం, శుభ్రత, నడవడిక, తోటివాళ్ళతో మెలగడం, సొంతంగా పని చేసే శక్తి అని గళ్ళు. ఒక్కొక్క ఖైదీకి ఒక్కొక్క కాగితం. నెలనెలా మార్కులు వెయ్యాలి. ఆ ఆలోచన నాకు నచ్చింది కూడా. మొదటి నెల కిటికీ మగ్గం దగ్గర నిలబడి చూసి, ఇద్దరికీ అన్ని గళ్ళలోనూ ఒకే మార్కులు వేసి పంపించాను.

సూపరింటెండెంటు గారు పిలిపించారు. మంచి మనిషే, కానీ కాగితం మీద ప్రాణం. ఇద్దరు మనుషులకు అచ్చుగుద్దినట్టు ఒకే మార్కులు ఎట్లా వస్తాయి, ఒకడిది చూసి రెండోవాడిది ఎక్కించావా అని అడిగారు. ఒకే జంపఖానా కదండీ అన్నాను. జంపఖానా ఒకటే కావచ్చు, శిక్షలు వేరు కదా అన్నారు.

అసలు సంగతి కూడా ఆయనే అప్పుడు చెప్పారు. కుడిపక్క ఆయన ముందస్తు విడుదల కోసం అర్జీ పెట్టుకున్నాడు. నడవడిక బాగుంది కాబట్టి విడుదలల సంగతి చూసే కమిటీ వాళ్ళు వింటారు. చిక్కల్లా ఎక్కడికి పోతాడన్నదే. చచ్చినవాడి అన్నదమ్ములు ఆ ఊళ్ళోనే ఉన్నారు, ఊళ్ళో అడుగు పెట్టనివ్వరు. బయట ఎక్కడో పని ఇచ్చేవాడు చూపిస్తేనే వదులుతారు. తిరుపతిలో జంపఖానాల షాపాయన ఒకరు తీసుకుంటానన్నారు. అయితే ఆయన దగ్గర ఉండేవి ఇరుకు మగ్గాలు, ఒక మనిషి పడుకునే చాపంత జంపఖానా ఒక్కడే కూర్చుని నెయ్యాలి. ఆ పని వచ్చునని నేను రాసి సంతకం పెట్టాలి. పెడితే ఆ మనిషి బయటికి పోతాడు, లేకపోతే అర్జీ మూలన పడుతుంది.

ఇక నా పాట్లు మొదలయ్యాయి. ముందు మగ్గం మీద పడుగుకు సరిగ్గా మధ్యలో ఒక ఎర్రదారం కట్టాను. దారానికి ఇటు నేసింది ఈయనది, అటు నేసింది ఆయనది అని లెక్క. ఎంత తెలివైన ఆలోచనో అని మురిసిపోయాను. సాయంత్రం చూస్తే రెండు సగాలూ ఒకేలా ఉన్నాయి. ఉండవా మరి? పలక దెబ్బ ఇద్దరిదీ కదా. ఆ దెబ్బలో ఎవరి బలం ఎంతో ఏ దారం చెబుతుంది?

తర్వాత కుడిపక్క ఆయన వేగం చూద్దామని, ఎడమపక్క ఇంకో మగ్గం నుంచి చురుకైన కుర్రాణ్ణి తెచ్చి కూర్చోబెట్టాను. గంట తిరక్కుండా ఇద్దరికీ తగాదా. నేత ఒక వైపుకు దిగిపోయింది. నువ్వెందుకప్పా అంత నిదానమని వాడు, నీకెందుకప్పా అంత తొందరని ఈయన. అప్పుడు నాకో అనుమానం తగిలింది. ఈయన చెయ్యి నిజంగానే నిదానమా, మడవని వేళ్ళ కోసం నిదానమయిందా? ఇన్నేళ్ళలో నిదానం అయిన చెయ్యి ఇప్పుడు నిదానమే కదా, దాన్ని తక్కువని రాయాలా? ఆ వేగం గడి ముందు బుర్ర గోక్కుంటూ ఎంతసేపు కూర్చున్నానో.

చివరికి ఒక ఇరుకు మగ్గం వేయించి, కుడిపక్క ఆయనకు పరీక్ష పెట్టాను. షెడ్డులో అందరికంటే మంచి పనివాడు, ఒక్కడే కూర్చుని మూరెడు నేసి చూపించడం ఎంత సేపు అనుకున్నాను. మిగతావాళ్ళంతా పని ఆపి చూస్తున్నారు. సూపరింటెండెంటు గారు కుర్చీ వేయించుకుని కూర్చున్నారు.

కుడిపక్క ఆయన కుడిచేత్తో నాడెను పడుగులోకి తోశాడు. ఎడమచేత్తో అందుకున్నాడు. ఇరుకు మగ్గం కదా, అక్కడికే పడుగు అయిపోయింది. ఇక దారం మలిపి వెనక్కి తొయ్యాలి. ఆయన చెయ్యి మాత్రం నాడెను పట్టుకుని మగ్గం దాటి ఎడమపక్క ఖాళీలోకి చాచుకుని, అక్కడే ఆగిపోయింది. అందుకునేవాడి కోసం ఆగింది. ఆయన కూడా ఆ చెయ్యి వంక వింతగా చూశాడు. ఎవరో నవ్వారు. ఆయనా నవ్వి, చెయ్యి వెనక్కి తీసుకుని దారం మలిపాడు. రెండో వరసకూ అదే. ఆ తర్వాత జాగ్రత్త పడ్డాడు గానీ, ఎడమ అంచు ఆయనకు రాలేదు. గట్టిగా లాగితే నేత లోపలికి నొక్కుకుపోయింది. వదులు చేస్తే దారం ఉచ్చులుగా వేలాడింది. కుడి అంచు మాత్రం నిలువుగా, పొందిగ్గా ఉంది. ఒకే గుడ్డకు ఒక అంచు పనివాడిది, ఒక అంచు నిన్న కాక మొన్న గుంటలో కూర్చున్నవాడిది.

ఇన్నేళ్ళూ ఈ మనిషి సగం జంపఖానా నెయ్యడమే నేర్చుకున్నాడు. రెండో సగం ఎట్లా నేస్తారో చూశాడే గానీ చెయ్యలేదు. చెయ్యనిచ్చిందెవరు? నేత నేర్పడానికి ప్రభుత్వం జీతం ఇస్తున్నది నాకు. నేను చూసిందంతా బయటికొచ్చిన జంపఖానా, కూర్చున్న మనిషిని కాదు. ఆ రోజు నాకు వచ్చిన కోపం ఎవరి మీదో నాకే తెలీలేదు. ఆయన లేచి, మూరెడు గుడ్డ వైపు చూసి, "నేను యింత కాలం యేం నేసినట్టు సార్?" అని అడిగాడు. ఎగతాళి కాదు, ఏడుపు కాదు, నిజంగా తెలీక అడిగాడు.

కళ్ళు మూసుకుని సంతకం పెట్టేద్దామా అని కూడా అనిపించింది. కానీ షాపాయన మొదటి రోజే ఆ అంచు చూస్తాడు. పని పోతే మనిషిని మళ్ళీ లోపలికి తెస్తారు. అట్లాంటి సంతకం ఎవరికి మేలు? కమిటీ కూర్చోవడానికి ఇంకా కొన్ని వారాలున్నాయి, అప్పటికి మళ్ళీ పరీక్ష పెడతానని చెప్పి గడువు తీసుకున్నాను.

ఆ ఆదివారం ఇంటికి పోయి నాయనతో ఈ గోల అంతా చెప్పాను. ఆయన మగ్గం గుంటలోనే కూర్చుని విన్నాడు. మా అమ్మ వాకిట్లో కూర్చుని ఆయనకు కండెలు చుడుతోంది. అందరికీ ఒక్కొక్కరికీ విడివిడిగా మార్కులెయ్యమంటున్నారు నాయనా అంటే, ఆయన అమ్మ వైపు తల ఊపి, "ఈ చీర నేనే నేసినానని నేతోళ్ళ సంఘంలో రాసుకుంటారు. ఆమె కండె సుట్టకుంటే నేను నేసేది గాలినా? అయినా ఆమె పేరు యాడా రాయరు. ఇన్నాళ్ళూ నాకా ఆలోచనే రాల్యా. నువ్వొచ్చి అడిగి నాకు ల్యానిపోని గుబులు పెడితివి," అన్నాడు. సలహా కోసం పోతే నా అయోమయంలో సగం ఆయనకు అంటించి వచ్చినట్టయింది. అమ్మ మాత్రం తలెత్తకుండా, ముందు అన్నం తినమంది.

ఎడమ అంచు నేర్పడానికి నేనే కూర్చోబోయాను. మర్నాడు ఇరుకు మగ్గం దగ్గరికి పోతే, ఎడమపక్క ఆయన అప్పటికే అక్కడ ఉన్నాడు. గుంట పక్కన గొంతుక్కూర్చుని, కుడిపక్క ఆయన ఎడమచేతిని తన చేత్తో పట్టుకుని దారం మలుపు చూపిస్తున్నాడు. ఎవరూ చెప్పలేదు, ఎవరినీ అడగలేదు. లాగబాక, దాన్నే రానీ అని మెల్లగా అంటున్నాడు. ఇన్నేళ్ళలో మాట్లాడని మాటలన్నీ ఆ కొన్ని వారాల్లో మాట్లాడాడు. కొన్నిసార్లు తిట్టాడు కూడా. కుడిపక్క ఆయన తలవంచుకుని తిట్లు తిన్నాడు. చెయ్యి ఎడమపక్కకు పోయి ఖాళీలో ఆగినప్పుడల్లా ఎడమపక్క ఆయన ఆ మోచేతి మీద చిన్న దెబ్బ వేసేవాడు. నేను అందుకోడానికి రాను, వెనక్కి పోవేమని ఆ చేతి మీదే అరిచేవాడు. నన్ను చూసి లేవబోతే కూర్చోమన్నాను. చూస్తుంటే నాకు మింగుడుపడనిది ఒకటే. ఆ చెయ్యి నేర్చుకుంటే ఈయన పక్క ఖాళీ అవుతుంది. ఆ సంగతి ఈయనకు తెలీదా?

తెలుసని నెలాఖరుకు నాకు అర్థమయింది. జైల్లో రోజుకు ఇంత పనని ఉంటుంది. అది చేసిన ఖైదీకి శిక్షలో కొన్ని రోజులు తగ్గుతాయి, చెయ్యనివాడికి తగ్గవు. ఆ నెలంతా కిటికీ మగ్గం ఖాళీగా ఉంది. ఎడమపక్క ఆయన పేరు మీద జానెడు జంపఖానా కూడా లేదు. ఇప్పుడు ఈయనకు ఎన్ని మార్కులు వెయ్యాలి? షెడ్డులో నా పనిని నాకంటే బాగా చేసిన మనిషి, కాగితం లెక్కన ఏ పనీ చెయ్యని మనిషి. వేగం సున్నా. సొంతంగా పని చేసే శక్తి అన్న గడి దగ్గర కలం ఆగిపోయింది. తోటివాళ్ళతో మెలగడం అన్న గడిలో ఉన్న మార్కులన్నీ వేసేశాను. సూపరింటెండెంటు గారు అది చూసి, ఒక గడిలో ఆకాశం, పక్క గడిలో పాతాళం, ఇదేం మనిషయ్యా అన్నారు. నేను గట్టిగా వాదించాను, గొంతు కూడా పెంచాను. ఆయన ఓపిగ్గా విని, నేర్పడం అన్న గడి ఈ కాగితంలో లేదు, నేనేం చెయ్యను అన్నారు. రోజులు తగ్గలేదు.

ఆ మాట చెప్పడానికి నేనే పోయాను. నేను మాట అటూ ఇటూ తిప్పుతుంటే ఎడమపక్క ఆయనే అందుకున్నాడు. "నాకు దెలుసు సార్. ఆ నాలుగు దినాలు తగ్గిచ్చుకోని బయటికి పోయి నేనేం జెయ్యాల? నాకోసరం సూసేవోళ్ళు యెవురుండారు? ఆయనకైతే పనుండాది," అని, మళ్ళీ ఇరుకు మగ్గం దగ్గరికి పోయాడు.

రెండోసారి పరీక్షలో కుడిపక్క ఆయన చెయ్యి ఎక్కడా ఆగలేదు. రెండు అంచులూ నిలువుగా దిగాయి. సూపరింటెండెంటు గారు వేలుతో తడిమి చూసి బాగుందన్నారు. నేను సంతకం పెట్టాను. ఒక్కడే నెయ్యగలడు అని రాయమన్న చోట అట్లాగే రాశాను. రాస్తుంటే ఆ ఎడమ అంచు ఎవరిదో నాకు కనబడుతూనే ఉంది. అది అబద్ధమా, నిజమా? అప్పటికి నేను ఆలోచించడం మానేశాను. కమిటీ ఒప్పుకుంది.

వెళ్ళే రోజు ఆయన షెడ్డుకు వచ్చాడు. ఒంటి మీద సొంత బట్టలు వదులుగా వేలాడుతున్నాయి. కిటికీ మగ్గం దగ్గర కాసేపు నిలబడ్డాడు. ఇద్దరూ ఏం మాట్లాడుకుంటారో అని నేను దూరంగా ఉండిపోయాను. కుడిపక్క ఆయన వంగి, తను రోజూ కూర్చునే చోట పరిచిన పాత గోనెపట్టా దులిపి, మళ్ళీ సరిగ్గా పరిచి వెళ్ళిపోయాడు. వార్డరు వేగిరపెట్టాడని ఊరికే వార్డరు మీద అరిచాను.

ఆ మగ్గానికి కుడిపక్క మనిషిని ఇంకా ఎవరినీ వెయ్యలేదు. మర్నాడు ఉదయం ఎడమపక్క ఆయన అలవాటుగా వచ్చి తన చోట కూర్చున్నాడు. ఎవరు చెప్పారని కూర్చున్నాడో, ఏం నెయ్యాలని కూర్చున్నాడో తెలీదు. నేను దారాల లెక్క చూస్తూ అటు తల తిప్పాను. ఆయన తన అంచు దగ్గర దారం మలిపి, నాడెను పడుగులోకి తోసి, మడత పడని వేళ్ళతో దాన్ని మధ్య దాకా తెచ్చాడు. అక్కడ చెయ్యి ఆగింది. కుడిపక్క గోనెపట్టా ఖాళీగా ఉంది. వారాల తరబడి ఇంకొకరి చెయ్యి మీద దెబ్బ కొట్టి మాన్పించిన అదే పని, ఇప్పుడు ఆయన చెయ్యి చేస్తోంది. దాని మీద దెబ్బ వెయ్యడానికి పక్కన ఎవరూ లేరు. ఆయన చెయ్యి వెనక్కి తీసుకోలేదు.

నేను పోయి గుంటలో కాళ్ళు పెట్టి గోనెపట్టా మీద కూర్చున్నాను. మధ్యలో ఆయన చేతి నుంచి నాడె అందుకుని, కుడి అంచు దాకా లాగి, మలిపి, తిరిగి పంపించాను. పలక దెబ్బ కలవలేదు. చీరల మగ్గం చెయ్యి కదా నాది, తొందర ఎక్కువ. రెండోసారీ కలవలేదు. నేత నా వైపుకు దిగింది. నాకు నామోషీగా ఉంది. ఆయన నా వైపు చూడకుండానే అన్నాడు.

"తొందర ల్యా సార్. నేను ఈడ్నే కదా ఉండేది."

మూడో దెబ్బ కలిసింది. మధ్యాహ్నం గంట కొట్టే దాకా ఇద్దరం నేశాం. ఆ నెలాఖరుకు ఆయన కాగితం తీసి ముందు పెట్టుకుంటే, సొంతంగా పని చేసే శక్తి అన్న గడిలో ఏం రాయాలో తోచలేదు. ఆ జంపఖానాలో కుడి సగం నాది.